పత్రికలలోని చిన్న ప్రకటనలు: కొనువారు, అమ్మువారు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట మర్యాద. అయినను ఉదయమున గ్రంథాలయపు తలుపు తెఱచినది మొదలు రాత్రి మూయువఱకు ఏ కాగితము ఎక్కువగా చేతులు మాఱుచున్నదని విచారించినచో, అది భారతము కాదు, భాగవతము కాదు. దినపత్రికలోని చిన్న ప్రకటనల పుట. గేదెను కొనదలచిన రైతు, కుమారునకు కొలువు వెదకు తండ్రి, పట్టణమున అద్దె యిల్లు కావలసిన గుమాస్తా, కుమార్తెకు సంబంధము చూచుచున్న తల్లి, అందఱును ముందుగా ఆ పుటనే తిరుగవేయుదురు. ఇన్ని సంసారముల మంచిచెడ్డలు ముడిపడియున్న పుటను చదువు విధము తెలిసికొనుట గ్రంథాలయ ధర్మమునకు వెలి కాదు.

పత్రికలు లేని కాలమున ప్రకటన యనగా టముకు. వేలముపాట యైనను, తప్పిపోయిన ఎద్దైనను, చెఱువునీరు వదలుట యైనను టముకు వేయించి వీథివీథిని చాటించుట ఆచారము. ఇది నిన్న మొన్న పుట్టిన ఆచారము కాదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరునుండి ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున పొలమును, ఇంటిని అమ్ము పద్ధతి చెప్పబడియున్నది. సరిహద్దులను ఉన్నవి ఉన్నట్లుగా, పొరుగువారును గ్రామవృద్ధులును వినునట్లు చాటవలెను. ఈ వెలకు కొనువారెవరని ముమ్మాఱు అడుగవలెను. అడ్డు చెప్పువారు లేనిచో అప్పుడు అమ్మకము సాగును.

ఇందు మూడు విషయములు గమనింపదగినవి. సరకును గూర్చి నిజము చెప్పుట మొదటిది. వినుటకు ఎఱిగినవారుండుట రెండవది. కాదనువానికి అవకాశ మిచ్చుట మూడవది. టముకు చప్పుడు ఊరి పొలిమేర దాటదు. అది దాని లోపము. కాని ఆ పొలిమేర లోపల అమ్మువాడెవడో, వాని తండ్రి యెవడో, ఆ గేదె ఎవరి పెరటిదో ఎఱుగనివాడు లేడు. అది దాని బలము. పత్రిక దూరమును జయించినది, కాని సాక్షులను పోగొట్టినది. నేటి చిన్న ప్రకటనల లాభమంతయు మొదటి దానివలన, నష్టమంతయు రెండవ దానివలన కలుగుచున్నవి.

భారతదేశమున పత్రికయు ప్రకటనయు కవలపిల్లలవలె పుట్టినవి. 1780 జనవరి 29వ తేదీన కలకత్తాలో హిక్కీ దొర ఆరంభించిన వారపత్రిక పేరులోనే ప్రకటనల పత్రిక యను అర్థము గల మాట యున్నది. తెలుగునాట 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసినది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. దాని స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనమును తయారుచేసిన వ్యాపారస్థులు కూడ. సరకు నమ్ముకొనుటకు ప్రకటన యెంత అవసరమో, పత్రిక నడచుటకును ప్రకటన యంత అవసరమని వారి జీవితమే చాటుచున్నది.

అయినను ఆ కాలపు ప్రకటనలు పెద్ద వర్తకులవే. రాష్ట్రమంతట తిరుగు పత్రికలో గ్రామస్థుడు తన బండిని అమ్మజూపినచో ఖర్చు మోయలేడు. అదియునుగాక నూఱు క్రోసుల దూరపువాడు ఆ బండికై రాడు. 1974లో విశాఖపట్టణమున ఆరంభమైన ఈనాడు పత్రిక, 1989 నుండి జిల్లా జిల్లాకు వేఱుగా చిన్న పుటల సంచికను జోడించి యిచ్చుటతో పరిస్థితి మాఱినది. ఏ జిల్లా ప్రకటన ఆ జిల్లాలోనే పంచబడుటచే ఖర్చు తగ్గెను. మండల కేంద్రమందలి కుట్టుపనివాడును, విత్తనముల అంగడివాడును, ట్యూషను చెప్పు పంతులును తమ పేరును అచ్చులో చూచుకొనగలిగిరి. ఇతర పత్రికలును ఆ త్రోవనే పట్టినవి. నేడు కొనుగోళ్లు చాలవఱకు చేతిలోని ఫోనుమీదికి మాఱినను, ఊరిపేరుతో కూడిన అచ్చు ప్రకటనకు విలువ పోలేదు. పేరు మార్పు, పోయిన దస్తావేజులు, స్థలముల క్రయవిక్రయములను గూర్చిన లాయరు నోటీసులు నేటికిని పత్రికకే వచ్చుచున్నవి.

ప్రకటన వేయువారు మొదట తెలియవలసినది, ఇచట ప్రతి మాటకును వెల యున్నదని. కొన్ని మాటలకు గాని పంక్తులకు గాని కనీసపు రుసుము విధించి, ఆపై ప్రతి మాటకు అదనము వసూలు చేయుట పత్రికల వాడుక. కావున పొగడ్తలకు డబ్బు తగులవేయరాదు. “మేలుజాతి గేదె, అత్యద్భుతము, కారుచౌక, త్వరపడుడు” అని వేసినచో నాలుగు ముక్కలకును డబ్బు చెల్లినది గాని కొనువానికి ఒక్క సంగతియు తెలియలేదు. “ముఱ్ఱా గేదె, రెండవ ఈత, ఈని ఇరువది దినములు, పూటకు నాలుగు లీటర్లు, దూడతో సహా” అని వేసి వెల, ఊరు, ఫోను నెంబరు చేర్చినచో, అక్కఱ గలవాడు మఱునాటి ఉదయమే పాలు పితుకు వేళకు వాకిట నిలుచును. అక్కఱ లేనివాడు ఊరక వచ్చి ప్రొద్దు పుచ్చడు. గేదెకు తన్ను అలవాటున్నచో దానిని దాచుటకంటె ఫోనులోనే చెప్పుట మేలు. దాచినది పెరటిలో ఎట్లును బయటపడును; అప్పుడు తగ్గునది వెల మాత్రమే కాదు, ఇంటిపేరు కూడ.

ఇక చదువువారి సంగతి. ప్రకటనలో చెప్పినదానికంటె చెప్పనిదానిని ముందు చదువవలెను. “రోడ్డు ప్రక్క రెండెకరములు” అన్నచో నీటి వసతి మాట యెక్కడ? “అన్ని కాగితములు సిద్ధము” అన్నచో అమ్మువాని పేరు ఏల లేదు? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూఱు రూపాయలును అంతకుమించియు విలువ గల స్థిరాస్తి అమ్మకము రిజిష్టరైన దస్తావేజు వలననే చెల్లును. కావున సబ్ రిజిష్ట్రారు కచేరీలో ఈ.సి. తీయించి తాకట్టులేమైన కలవేమో చూడవలెను. అడంగలనియు, పహాణీ యనియు పిలువబడు రెవెన్యూ లెక్కలలో ఎవరి పేరున్నదో చూడవలెను. పిమ్మట పొలమునకు పోయి, దున్నుచున్నవాడెవడో, గట్టుప్రక్క రైతు ఏమనుచున్నాడో వినవలెను. కాగితము మీద ఒకరు, నాగలి వెనుక మఱియొకరు నున్నచో బయానా యిచ్చుటకు అది వేళ కాదు.

దొంగసొత్తు కొనుటను గూర్చి యాజ్ఞవల్క్యస్మృతి నాలుగు గుఱుతులు చెప్పినది. అట్టి వస్తువు కలిగియుండుటకు తగని స్థితిలో నున్నవానివద్ద కొనుట, చాటుగా కొనుట, మిక్కిలి తక్కువ వెలకు కొనుట, వేళగాని వేళ కొనుట. ఇట్లు కొన్నవాడును దొంగగానే యెంచబడును. విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్యానించిన ఈ స్మృతిమార్గమును పదుమూడవ శతాబ్దిలోనే కేతన తెలుగువారికి పద్యములలో అందించినాడు. ఆ నాలుగు గుఱుతులు నేటి మోటారు సైకిలుకును, ఫోనుకును అక్షరాల వర్తించును. లక్ష రూపాయల బండి ముప్పదివేలకు, ఆర్.సి. పుస్తకము తరువాత పంపెదననువానివద్ద, బస్టాండు మూలన, చీకటిపడిన వెనుక వచ్చుచున్నచో స్మృతికర్త చెప్పిన మాటలన్నియు అచట కూడినవని తెలియవలెను.

1930 నాటి వస్తువిక్రయ చట్టము సామాన్యముగా సరకు గుణదోషములు చూచుకొను భారమును కొనువానిమీదనే యుంచినది. అయితే వర్ణనను బట్టి అమ్మిన సరకు ఆ వర్ణనకు సరిపోవలెనని కూడ అందే నియమించినది. కావున కొనదలచినవారు ఆ ప్రకటన పడిన సొంత పత్రికను రసీదుతో కలిపి దాచుకొనుట మంచిది. అమ్మువారికిని ఒక హెచ్చరిక కలదు. సొమ్ము పంపుచున్నాను, ఫోనులో పిన్ను నొక్కుడని కొనువాడు చెప్పినచో అది మోసము. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు. మోసపోయినవారు సిగ్గుపడి ఊరకుండక వెంటనే 1930 అను నెంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మాఱును.

అన్నిటికంటె దుఃఖకరమైనది కొలువుల ప్రకటన. ఇంటివద్దనే పని, చదువుతో నిమిత్తము లేదు, నెలకు వేలకు వేలు జీతము, ముందుగా కొంత ధరావతు చెల్లింపవలెనని యుండును. చదువు ముగిసి ఇంట గూర్చున్న యువకునకు ఆ నాలుగు పంక్తులు దైవవాక్కువలె తోచును. తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు పోవును. ధరావతు చెల్లిన వెనుక దుస్తులకని కొంత, శిక్షణకని కొంత అడుగుదురు. పిదప ఫోను పలుకదు. పోయినది సొమ్ము మాత్రమే యైన సహింపవచ్చును. ఆ యువకుడు మఱల నిజమైన ప్రకటనను చూచినను దరఖాస్తు పెట్టడు, తండ్రి యెదుట తలయెత్తడు. పని యిచ్చువాడు కూలి యీయవలెను గాని కూలివానివద్ద పుచ్చుకొనరాదు. ఈ ఒక్క మాటను ప్రతి యింట పిల్లలకు చెప్పియుంచినచో ఎన్నియో గొలుసులు మెడలలోనే నిలుచును. సర్వరోగములు మాన్పు మందుల ప్రకటనలను గూర్చియు ఇంతే. కొన్ని రోగములు కుదుర్తుమని ప్రకటించుటనే నిషేధించుచు 1954లోనే చట్టము వచ్చినది. అయినను నమ్మువారున్నంతవఱకు అమ్మువారుందురు.

పోయిన వస్తువుల ప్రకటనకు మనుస్మృతి ఒక ఉపాయము చెప్పుచున్నది. సొమ్ము నాదే యని వచ్చినవానిని దాని రూపమును, సంఖ్యను అడిగి, సరిగా చెప్పినవానికే యీయవలెనట. కావున దొరికిన సంచిని గూర్చి ప్రకటించువారు అన్ని గుఱుతులను అచ్చు వేయింపక ఒకదానిని మనసున ఉంచుకొనవలెను. బహుమానపు ప్రకటనకు ఒక వ్యాజ్యము ప్రసిద్ధము. యజమాని మేనల్లుడో అన్నకొడుకో యగు బాలుడు తప్పిపోగా, వెదకుటకు ఆయన వద్ద పద్దులు వ్రాయు సేవకుడు పోయెను. అతడు పోయిన తరువాత 501 రూపాయలు బహుమానమిత్తునని యజమాని కరపత్రములు వేసెను. సేవకుడు ఆ సంగతి యెఱుగకయే బాలుని తెచ్చెను. తరువాత తెలిసి దావా వేయగా, 1913లో అలహాబాదు హైకోర్టు త్రోసివేసినది. బహుమానపు మాట తెలియనివాడు దాని నంగీకరించినట్లు కాదనియు, వెదకుట అతని కొలువులోని పనియే యనియు తీర్పు. లాల్మన్ శుక్లా వ్యాజ్యమని న్యాయవాదులు నేటికిని దీనిని చదువుకొందురు. చదువబడని ప్రకటన ఎవనికిని ఫలమీయదని దీని తాత్పర్యము.

ఇచటనే గ్రంథాలయపు బాధ్యత వచ్చుచున్నది. ఫలాన సర్వే నెంబరు స్థలమును మా కక్షిదారు కొననున్నారు, ఆక్షేపణ గలవారు ఇన్ని దినములలో తెలుపుడని నోటీసు పడును. ఆ స్థలమున భాగము గల వితంతువు ఊరి చివర నివసించుచుండును. ఆమెకు అక్షరము రాదు. గడువు దాటినంతమాత్రమున ఆమె హక్కు నశింపదు. కాని దస్తావేజు రిజిష్టరైన పిదప కోర్టుల చుట్టు తిరుగుటకంటె ముందే ఒక జాబు వ్రాయించుట ఎంత సులువు! ఊరి పేరు గల నోటీసు కనబడిననాడు దానిని పదుగురిలో బిగ్గఱగా చదువువాడొకడు గ్రంథాలయమున ఉండినచో ఆమె భాగము నిలుచును.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున మూడు నియమములు ఏర్పఱచుకొనవలెను. మొదటిది: గ్రంథాలయ పత్రికనుండి ప్రకటనను ఎవరును కత్తిరించుకొని పోరాదు. ఆ చిన్న కంతలో పోవునది కాగితము కాదు, తరువాత వచ్చు చదువరి అవకాశము. అక్కఱ గలవారు వ్రాసికొని పోవలెను. రెండవది: ఒక గీతల పుస్తకము ఉంచి, ఊరికి సంబంధించిన నోటీసులను, కొలువులను తేదీతో ఎక్కించి, సాయంకాలము చదివి వినిపింపవలెను. మూడవది: ప్రకటనను నమ్మి సొమ్ము చెల్లింపబోవువారు ముందొకమాఱు గ్రంథాలయమునకు వచ్చి నలుగురి యెదుట ఆ సంగతి చెప్పవలెను. మోసపోయినవారును అట్లే చెప్పవలెను. ఆ పుస్తకమున వారి పేరు వ్రాయక మోసపు తీరు మాత్రమే వ్రాయవలెను.

పొరుగువారు వినునట్లు ముమ్మాఱు చాటుమని పెద్దలు చెప్పినారు. పత్రిక ఒకమాఱు చాటి ఊరకుండును. చదువరి తనలో తాను చదువుకొనుట రెండవ మాఱు. నలుగురిలో చదివి, నలుగురినడిగి, అప్పుడు సొమ్ము విప్పుట మూడవ మాఱు. ఆ మూడవ పిలుపు గ్రంథాలయపు అరుగుమీదనుండియే వినబడవలెను.