వ్యాయామశాలకు ద్రవ్యసహాయము
(మూసాపేట వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మూసాపేటయందు మన సంఘము పక్షమున నొక వ్యాయామశాలను నడుపుటకు ధనము నెచ్చటనుండి తేవలయునను విషయమును గూర్చి ప్రసంగింపుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. వ్యాయామమువలన గలుగు మేలును విస్తరించి చెప్పబోము. వయోజనులు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు మితమైన శ్రమ గల వ్యాయామము చేయవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020 సంవత్సరమున సూచించియున్నారు. తెల్లవారగనే బాలానగరపు కర్మాగారములకును హైటెక్ సిటీ కార్యాలయములకును పరుగిడు మనవారిలో నెందరి కా యవకాశము గలదో మీరే యెఱుగుదురు. స్త్రీలకును వృద్ధులకును నిర్భయముగా నడచుటకైనను చోటు చాలదు.

పూర్వము దాత సంకల్పించిన జాలును, కార్యము నెరవేరెడిది. తరువాత నగర కొత్వాలు పదవి నలంకరించిన రాజాబహద్దూరు వేంకటరామిరెడ్డిగారి పూనికతో 1918లో హైదరాబాదునందు రెడ్డి హాస్టలు వెలసినది. అది దాతల యౌదార్యమున నిలిచినది. నేడు ధనపు సంచి పెద్దదియే గాని, దాని మూతికి చట్టమను త్రాడు కట్టబడియున్నది. ఆ ముడి విప్పు విధమును చెప్పుటకే మేమిచ్చట నిలిచితిమి.

2013 సంవత్సరపు కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, 500 కోట్ల రూపాయల నికర ఆస్తి గాని, 1000 కోట్ల వార్షిక వ్యాపారము గాని, 5 కోట్ల నికర లాభము గాని గల కంపెనీలు తమ గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకోపకారమునకు వెచ్చింపవలెను. అందును దాము పనిచేయు ప్రదేశమునకు ప్రాధాన్య మీయవలెను. 2022లో కైతలాపురపు వంతెన తెరచినది మొదలు మనకును హైటెక్ సిటీకిని దారి మఱింత దగ్గరయైనది. ఇంత ధనము మన గుమ్మము చెంత నుండగా మన కేల రాకుండవలె నని మేమును దలచితిమి.

తలచి యూరకుండక, ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకొని యొక కంపెనీకి విజ్ఞాపనపత్రముతో పోయితిమి. అచ్చటి యుద్యోగి మర్యాదగా కూర్చుండబెట్టి తేనీరిచ్చి, మూడు ప్రశ్నలు వేసెను. శాల యెవరి కొఱకు? ఎన్నేండ్లనుండి నడుచుచున్నది? దాతలకు పన్ను తగ్గింపు నిచ్చు ధ్రువపత్ర మున్నదా? "మా కులమువారి కొఱకు" అని మొదటి ప్రశ్నకు సగర్వముగా బదులు చెప్పితిమి. ఆయన మా పత్రమును మా చేతనే పెట్టెను. చిన్నబోయి తిరిగి వచ్చితిమి గాని, పిదప చట్టమును చదివి చూడగా నాయన యందు దోషమేమియు గానరాలేదు.

ఏలయన, 1961 సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టములో 80జి అని ప్రసిద్ధికెక్కిన నియమము, ఒక మతమునకో యొక కులమునకో మాత్రమే యుద్దేశింపబడిన సంస్థకు తన ప్రయోజనమును నిరాకరించినది. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, బాలురు, వీరి కొఱకైన సంస్థలకు మినహాయింపు గలదు. ఆ మినహాయింపు మన సంఘమునకు వర్తింపదు. 2021లో సవరించిన కంపెనీల నిబంధనలు, స్వతంత్రముగా నేర్పడిన సొసైటీయో ట్రస్టో కంపెనీ ధనమును వెచ్చింపవలెనన్న, దానికి 80జి మొదలగు నమోదులును, అట్టి పనిలో కనీసము మూడేండ్ల యనుభవమును నుండవలెనని విధించినవి.

కాబట్టి మార్గము లిక రెండే. ద్వారము మనవారికే యుంచుకొందు మన్నచో నది తప్పు గాదు; ఖర్చంతయు మన సంచినుండియే పోవలెను. ఇతరుల ధనము గావలెనన్న, మూసాపేటలో కాపురమున్న వారెల్లరకును ద్వారము తెరవవలెను. 2001 సంవత్సరపు సొసైటీల చట్టము క్రింద ఏడుగురు సభ్యులతో వేఱొక సంస్థను నమోదు చేయించి, అందఱకును ప్రవేశము గలదని నియమావళిలో వ్రాయించుట మా సూచన.

"స్థలము మనది, చందాలు మనవి, ఇతరుల కేల?" అని పెద్దలు కొందఱు మాతో నన్నారు. వారి బాధ మా కర్థమగుచున్నది. ఈ భవనమునకు వారు మోసిన యిటుకలను మేము మఱవలేదు. భవనము సంఘముదే. పెండ్లిండ్లును సభలును యథాప్రకారము జరుగును. ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు మాత్రమే యా సంస్థకు వాడుకకిత్తుము.

మొదటి మూడేండ్లు మాత్రము మన చందాలతోనే నడుపక తప్పదు. ఒక గురువు, స్త్రీల కొఱకు మఱియొక గురువురాలు, హాజరు పట్టిక, రసీదుల పుస్తకము, ఏటేట లెక్కల తనిఖీ, ఇవి చాలును. ఉపకరణముల మోజు వలదు. మనవారిలో నొక దౌర్బల్యము గలదు: పాలరాతి ఫలకముపై పేరు చెక్కించు గదికి పదిమంది దాతలు ముందుకు వత్తురు, గురువు జీతమునకు మాత్ర మొక్కరును రారు. వ్యాయామశాలలు గోడలు లేక మూతపడుట యరుదు, జీతము లేక మూతపడుటయే మెండు.

పార్లమెంటు సభ్యుల నిధి 1993 నుండి యున్నది. సభ్యుని కేటికి 5 కోట్లు. అది స్థిరమైన నిర్మాణములకే గాని జీతములకు గాదు. విదేశములలోని మన బంధువులు పంపు ధనమును గూర్చి యొక హెచ్చరిక: భారత పౌరసత్వము నిలుపుకొన్నవారు బ్యాంకు ద్వారా తమ సొంత ధనము పంపిన చిక్కు లేదు. అమెరికా మొదలగు దేశముల పౌరులైనవారు పంపినచో నది 2010 సంవత్సరపు చట్టము ప్రకారము విదేశీ విరాళమగును. ప్రభుత్వపు నమోదో ముందస్తు అనుమతియో లేక దానిని ముట్టరాదు.

కంపెనీకి వ్రాయునపుడు క్రీడల పేర వ్రాయవలదు. కంపెనీల చట్టపు ఏడవ షెడ్యూలులో క్రీడాశిక్షణకు చోటున్నను, వృద్ధుల నడకయు స్త్రీల యాసనములును రోగనివారణ క్రిందనే చక్కగా నొదుగును. అదియు నా షెడ్యూలులోనే యున్నది.

నియమావళి చిత్తుప్రతి కార్యదర్శిగారి బల్లపై నున్నది. మధ్యాహ్నపు సమావేశమున దానిని తీర్మానముగా ప్రవేశపెట్టుదుము. సమ్మతిలేనివా రచ్చటనే చెప్పగోరుచున్నాము. కావలసిన యేడుగురిలో నైదుగురు పేర్లిచ్చిరి, అందఱును పురుషులే. మిగిలిన రెండు స్థానములకును స్త్రీలు ముందుకు రావలెనని మా ప్రార్థన.