ఎవరి మధ్య ఒప్పందం?

(డిచ్‌పల్లిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిందితుడు కోర్టులో నేరం ఒప్పుకుంటాడు. బదులుగా ప్రభుత్వం కొన్ని ఆరోపణలు వదులుకుంటుంది, లేదా తక్కువ శిక్షకు సమ్మతిస్తుంది. దీన్నే ప్లీ బార్గెయినింగ్ అంటున్నారు. అమెరికాలో ఇది రోజువారీ వ్యవహారం. అక్కడి ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో నూటికి 97 ఇలా నేరం ఒప్పుకున్నందువల్ల పడుతున్నవేనని ఆ దేశపు సుప్రీంకోర్టే 2012లో చెప్పింది. ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకని మీరు అడగవచ్చు. ఆ ఒప్పందాల్లో ఒకటి మన తెలుగు ఆడపిల్లల బతుకుల మీద జరిగింది కాబట్టి మాట్లాడుకోవాలి.

అప్పటి కృష్ణా జిల్లా మైలవరం దగ్గర వెల్వడం అనే ఊరుంది. ఆ ఊరికి చెందిన లకిరెడ్డి బాలిరెడ్డి 1960లో చదువు కోసం అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరంలో హోటలు పెట్టి, వెయ్యికి పైగా ఇళ్లు అద్దెకిచ్చే ఆసామీ అయ్యాడు. 1999 నవంబరు 24న అతని భవనాల్లో ఒకదానిలో విషవాయువు పీల్చి పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె చెల్లెలు, పదిహేనేళ్ల పిల్ల, కొన ఊపిరితో బయటపడింది. వెల్వడం ప్రాంతపు పేద కుటుంబం పిల్లలు వాళ్లు. దొంగ కాగితాలతో, తండ్రి కాని వాణ్ని తండ్రిగా చూపించి వాళ్లను అక్కడికి చేర్చారు. ఒక అమ్మాయిని బలవంతంగా వ్యాన్‌లోకి ఎక్కించబోవడం చూసి, దారిన పోతున్న ఒక స్త్రీ ఊరుకోకుండా అడ్డుపడబట్టే పోలీసులు వచ్చారు. చదువుకోవలసిన వయసు పిల్లలు బడికి ఎందుకు రాలేదని మొదట రాతలో అడిగింది పెద్ద పత్రికలు కాదు, బర్క్‌లీ హైస్కూలు విద్యార్థుల పత్రిక.

2000 జనవరిలో బాలిరెడ్డిని అరెస్టు చేశారు. 2001 మార్చిలో అతను ఒప్పందానికి వచ్చాడు. లైంగిక దోపిడీ కోసం మైనర్లను దేశం దాటించానని, దొంగ వీసాల కుట్ర చేశానని, పన్ను లెక్కల్లో అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. జూన్‌లో న్యాయమూర్తి 97 నెలల జైలుశిక్ష వేసి, 20 లక్షల డాలర్లు పరిహారంగా కట్టమన్నారు. 2008లో అతను విడుదలయ్యాడు. 2021లో చనిపోయాడు.

జనం ఈ ఒప్పందాన్ని ఒకే కంటితో చూడలేదు. బర్క్‌లీలో స్త్రీవాదులు, దక్షిణాసియా యువతీయువకులు అతని హోటలు ముందు, కోర్టు ముందు నిలబడ్డారు. ఎనిమిదేళ్లు చాలా తక్కువ అన్నారు. ఇంకోవైపు అతని సొంతూళ్లో బడి కట్టించాడు, కాలేజీ పెట్టాడు, అంత పెద్దమనిషి అలా చేస్తాడా అన్నవాళ్లు ఉన్నారు. మన ప్రవాసుల్లో కొందరికైతే తెలుగువాళ్ల పరువు పోయిందన్నదే పెద్ద బాధ. చనిపోయిన పిల్ల పరువు గురించి వాళ్లు మాట్లాడలేదు.

శిక్ష చాలదన్న కోపం న్యాయమైనదే. అయితే ఒప్పందాన్ని సమర్థించినవాళ్ల వాదనలో కూడా ఒక నిజం ఉంది. విచారణ జరిగితే ఆ పిల్లలు బోను ఎక్కాలి. భాష రాని కోర్టులో, పేరున్న లాయర్ల ఎదుట, తమ ఒంటి మీద జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాలి. వాళ్ల అమ్మానాన్నలేమో నిందితుడికి పలుకుబడి ఉన్న ఊళ్లోనే బతకాలి. సాక్షి భయపడి వెనక్కి తగ్గితే కేసే పోతుంది. అందుకే ఒప్పందం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కంటే ముందు ఇంకో ప్రశ్న వేయాలి. ఒప్పందం ఎవరి మధ్య జరిగింది? నిందితుడికీ ప్రభుత్వానికీ మధ్య. బాధపడ్డ పిల్లలు అందులో పక్షం కాదు.

మన దేశంలో ఈ పద్ధతి 2006 జులై 5 నుంచి చట్టంలో ఉంది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కొనసాగుతోంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకే ఇది వర్తిస్తుంది. బాధితుల్ని కూడా పిలిచి చర్చలో కూర్చోబెట్టాలని చట్టం చెప్పడం మంచి విషయం. స్త్రీల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు మాత్రం ఈ బేరం అసలు చెల్లదు. అంటే బాలిరెడ్డి చేసుకున్నలాంటి ఒప్పందం మన కోర్టులో కుదరదు.

మరి మనకు నిశ్చింతేనా? కోర్టులో కుదరనిది కోర్టు బయట ఎంత సులువుగా కుదురుతున్నదో మీకు నేను చెప్పక్కర్లేదు. మన నిజామాబాదు జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేయడం, మాట విననివాళ్లను వెలివేయడం ఎన్నిసార్లు పేపర్లకెక్కిందో చూశారు. తీర్పులు చెప్పే అధికారం వాటికి ఏ చట్టమూ ఇవ్వలేదు. అయినా ఆడపిల్ల మీద అత్యాచారం జరిగితే ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. ఇంత డబ్బు, లేకపోతే వాడికే ఇచ్చి పెళ్లి. బర్క్‌లీ ఒప్పందం కనీసం బహిరంగ కోర్టులో, కాగితం మీద జరిగింది. నిందితుడు తప్పు చేశానని నోటితో ఒప్పుకున్నాడు, జైలుకు వెళ్లాడు. మన ఊళ్లో రాజీకి కాగితం ఉండదు, ఒప్పుకోలు ఉండదు, జైలు ఉండదు. పైగా తప్పంతా పిల్లదేనన్న మాట మిగులుతుంది.

చట్టం ఈ రాజీలను ఒప్పుకోదు. అత్యాచారం కేసులో రాజీ ఆలోచనే చేయరాదని సుప్రీంకోర్టు 2015లో మదన్‌లాల్ కేసులో చెప్పింది. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద పోక్సో కేసును రాజీ కుదిరిందని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి కేసు నడపమంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం కింద నేరమే. పంచాయితీ పెట్టినవాళ్లకు ఈ మాట గట్టిగా గుర్తు చేయండి.

బీడీలు చుట్టే తల్లి రోజు కూలి పోగొట్టుకుని ఎన్ని వాయిదాలకు తిరగగలదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా రాజీ పడొద్దని ఆమెకు నీతులు చెబితే లాభం లేదు. ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. బాధితుల పరిహార పథకం ఉంది. నిందితుణ్ని వదిలేసినా, తక్కువ నేరం కిందే శిక్ష వేసినా అప్పీలు చేసుకునే హక్కు 2009 నుంచి బాధితులకు ఉంది. ఇవి కాగితం మీద ఉన్నాయి. వీటిని ఆ తల్లి గడపదాకా తేవడం, వాయిదా రోజున ఆమె పక్కన కూర్చోవడం సంఘం పని.

పిల్లలను పనికనో, చదువుకనో దూరదేశం పంపుతామని వచ్చే ఏజెంట్ల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. గల్ఫ్ దారి తెలిసిన ఊళ్లు మనవి. ఎవరి పేరు మీద పాస్‌పోర్టు తీస్తున్నారు, తండ్రి అని ఎవరి పేరు రాస్తున్నారు, అక్కడ ఎవరి ఇంట్లో ఉంచుతారు అని అడగాలి. ఆ అక్కాచెల్లెళ్లు బయల్దేరిన రోజున ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు లేకపోయారు. మన ఊళ్లో అడిగేవాళ్లం మనమే కావాలి.