మిరప చేను నుంచి సరస్ స్టాలు దాకా

మేము ఐదుగురం ఒకప్పుడు మిరప కోతలకు కూలికి పోయినవాళ్లమే. సంఘంలో అప్పు తీసుకుని కారం ఆడించి ఊరూరా అమ్మాం. మొదట్లో షాపులవాళ్లకు సరుకు అరువిచ్చి మోసపోయాం. ఆ నెల కిస్తీకి చెవికమ్మలు తాకట్టు పెట్టాల్సొచ్చింది. అమ్మడం వేరు, డబ్బు రాబట్టుకోవడం వేరని అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి పాత బాకీ తీరందే కొత్త సరుకు ఇవ్వలేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు తీసుకుని, బరువు, ధర, తేదీతో సహా ప్యాకెట్టు మీద అచ్చేయించాం. సరస్ మేళాలో పొద్దస్తమానం నిలబడి అమ్మాం. కాళ్లు వాచాయి గానీ నోరు ఆగలేదు.

కూలిపని సాయంత్రానికి అయిపోయేది. ఈ పని నిద్రలోనూ లెక్కలు వేయిస్తుంది. అయినా ఇప్పుడు ధర చెప్పేది మేమే. మీలో ఎవరు మొదలుపెట్టినా, ముందు అరువు పుస్తకం రాయండి. రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, కూర్చోబెట్టి నేర్పుతాం.