తల్లి చదివి వినిపించిన కథ



కనుపర్తి వరలక్ష్మమ్మగారి స్మృత్యర్థమై నాలుగు మాటలు చెప్పుమని నన్నాదేశించినప్పుడు, ఆమె రచనల గుణదోషవిచారముకంటె, ఆమెవంటి వారి కృషివలన ఏర్పడిన పాఠకలోకమును గూర్చి విన్నవించుట మేలని తలచితిని. మన బాలసాహిత్యచరిత్ర చెప్పువారు సంపాదకులను, ముద్రాపకులను, చిత్రకారులను స్మరింతురు. పుస్తకమును ఒడిలో బెట్టుకొని బిడ్డకు చదివి వినిపించిన తల్లి ఎచ్చట అక్షరములు నేర్చినదో అడుగువారు అరుదు.

వంగదేశమున స్త్రీవిద్యయు, శిశుకథయు చేయి చేయి పట్టుకొని నడచినవి. 1883లో కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు పట్టభద్రులైరి. 1885లో ఠాకూరుల యింటి కోడలు జ్ఞానదానందినీదేవి ‘బాలక్’ అను పిల్లల పత్రికను వెలువరించిరి. తన పెదతండ్రి ఉపేంద్రకిశోరుడు 1913లో స్థాపించిన ‘సందేశ్’ పత్రికకు లీలా మజుందార్ తరువాతికాలమున సంపాదకత్వము వహించి, వంగబాలురకు నవ్వు నేర్పిరి.

మన పత్తిచేల సీమయందు ఆ పని వేరొక త్రోవను నడచినది. ఉన్నవ లక్ష్మీబాయమ్మగారును, లక్ష్మీనారాయణగారును 1922లో గుంటూరున శారదానికేతనమును నెలకొల్పి, ఇంటి మూలల మ్రగ్గుచున్న వితంతువులకు, నిరాశ్రయలకు చదువును, చేతిపనిని కల్పించిరి. లక్ష్మీనారాయణగారి నవల ‘మాలపల్లి’ని ఎరిగినంతగా శారదానికేతనమును మనవారెరుగకపోవుట నన్ను బాధించుచున్నది, నవల యొకరి కలమునుండి వెలువడినది, నికేతనమో, ఎందరి జీవితములనో తిరిగి వ్రాసినది.

1896లో బాపట్లలో జన్మించిన వరలక్ష్మమ్మగారు ఆ ఊరనే 1931లో స్త్రీహితైషిణీ మండలిని స్థాపించిరి. ‘గృహలక్ష్మి’ పత్రికలో వారు ప్రకటించిన ‘శారద లేఖలు’ శారద యను స్త్రీ కల్పలత యను నెచ్చెలికి వ్రాసిన ఉత్తరముల రూపమున నడచినవి. వేదికలపై పురుషులు ఘోషించు విషయములు ఆ జాబులలో పెరటి అరుగుపై ఇరుగుపొరుగు అమ్మలక్కలు మాటాడుకొను తీరున ఒదిగినవి. 1934లో గృహలక్ష్మీ స్వర్ణకంకణము వారిని వరించినది. అంతకంటె గొప్ప సన్మానము, పొయ్యి యొద్దనుండి లేచివచ్చి పత్రికకై చేయి చాచిన ఇల్లాలిదని నేననుకొందును.

ఆ ఇల్లాలికే తెనాలి ఐతానగరమునకు చెందిన చక్రపాణిగారు వంగభాష నేర్చి శరత్‌బాబు నవలలను తెలుగున అందించిరి. ఆమె బిడ్డలకే 1947 జూలైలో నాగిరెడ్డిగారితో కలిసి మదరాసునుండి ‘చందమామ’ను తెచ్చిరి. తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు దానికి దిద్దిన నిరాడంబరమైన వాక్యము గట్టిగా చదువుటకు ఎంత అనువైనదో, అక్షరములు కూడబలుక్కొను తల్లులకు తెలియును. చదువరియైన తల్లి లేనినాడు ఆ పత్రిక అన్ని యిండ్లలో వేళ్ళూనియుండునా?

రేడియో ‘అక్కయ్య’ న్యాయపతి కామేశ్వరిగారు ‘అన్నయ్య’ రాఘవరావుగారితో కూడి పిల్లలచేతనే మాటాడించిరి, పాడించిరి. 1975లో కలకత్తాకును, 1977లో హైదరాబాదునకును దూరదర్శనము వచ్చినది. తెర తనంత తానే కథ చెప్పును, తల్లి పెదవి కదపనక్కరలేదు. పైగా పరదేశపు బొమ్మలు తెలుగు మాటలు అరువుతెచ్చుకొని మాటాడుచుండగా, పల్నాటి నాయకురాలు నాగమ్మను తెరపై చూడక మన బాలికలు పెరుగుచున్నారు. తెర వలదని నేననను. అందు మన తల్లుల గొంతు వినబడవలెనందును.

కావున ఈ సభ నిర్వాహకులకు నాదొక్క విన్నపము. మిరపకోతల కాలమున పొరుగు జిల్లాలనుండి పిల్లాపాపలతో వచ్చిన కూలితల్లులు, ఘాటుకు ముక్కులకు కొంగు చుట్టుకొని, ఎఱ్ఱని రాశుల ప్రక్క కూర్చుండి కాయల తొడిమలు తీయుదురు. తీరిక దొరికిన రాత్రి వారు బిడ్డలకు చెప్పు కథలను మన కళాశాలల విద్యార్థినులు వ్రాసికొని, ధ్వనిముద్రణ చేసి, బొమ్మలు గీయించి, ముందుగా ఆ కళ్ళములయందే పిల్లలకు చూపించు ఏర్పాటు రాబోవు పంటకే ప్రారంభింపవలయును. అందులకు నా వంతు ధనమును, శ్రమను నేటినుండియే ఇచ్చుచున్నాను.