గ్రంథాలయానికి కమిటీ, గ్రంథపాలకుడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

స్వర్ణోత్సవ నిధితో మన బడికి గ్రంథాలయం కట్టాలని ఉదయం తీర్మానించాం. గది కట్టడం నాలాంటి ఇంజనీరుకు తేలిక. ఆ తర్వాత కమిటీ ఏం చెయ్యాలి, గ్రంథపాలకుడు ఏం చెయ్యాలి అన్నదే కష్టం. దాని గురించే నాలుగు మాటలు.

1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిన రోజుల్లో ఈ చిక్కు తక్కువ. చందా ఇచ్చినవాళ్లే పుస్తకాలూ సర్దేవారు. 1960 చట్టం వచ్చాక జిల్లా గ్రంథాలయ సంస్థలో కుర్చీలు రెండయ్యాయి. ప్రభుత్వం నియమించే అధ్యక్షుడు ఒకరు, శాఖ నుంచి వచ్చే కార్యదర్శి ఒకరు. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి సంస్థకు జమ చెయ్యాలి. మన కొండల్లో ఇంటిపన్నే అంతంతమాత్రం, దాని మీద 8 పైసలంటే ఎంత? కాబట్టి పట్నంలో వసూలైన సొమ్ము కొంత ఘాట్ రోడ్డెక్కి రావాలి. ఎంత రావాలో తేల్చాల్సింది పాలకవర్గం. ఎక్కడ ఏ పుస్తకం లేదో లెక్కతో చెప్పాల్సింది కార్యదర్శి. ఒకరు ప్రభుత్వంతో మారతారు, ఒకరు బదిలీ మీద వెళ్తారు. మాట కుదిరేలోపే ఒకరు ఉండకపోవచ్చు.

ఇక నా సంగతి. కొన్నేళ్ల క్రితం అరకులో మిత్రులం కలిసి చిన్న పఠనాలయం పెట్టాం. డిగ్రీ చదివిన ఇక్కడి అమ్మాయే గ్రంథపాలకురాలు. కమిటీవాళ్లం విశాఖ నుంచి వచ్చేది శని, ఆదివారాల్లో గనక శుక్రవారం సెలవు పెట్టాం. "శుక్రవారం సంత సార్, పై ఊళ్లవాళ్లు దిగేది ఆ రోజే. సోమవారం సెలవివ్వండి" అంది. ఎదురుచెబుతోందనుకున్నాం. అందరికంటే గట్టిగా కసిరింది నేనే. పైగా ఆమెను అడక్కుండా రెండు పెట్టెల పోటీపరీక్షల పుస్తకాలు కొని పంపాను. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు బొమ్మల పుస్తకాలు కావాలని ఆమె రాసిచ్చిన జాబితా నా సంచిలోనే ఉండిపోయింది.

ఒక శుక్రవారం పనిమీద అటు వెళ్లాను. తాళం వేసిన గుమ్మం ముందు, పసుపు మూటల పక్కన, ముగ్గురు పిల్లలు బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నారు. ఆ వేళ వాళ్లకు దొరికిన చదువు "శుక్రవారం సెలవు" ఒక్కటే. తర్వాతి సమావేశంలో సెలవు మార్చాం. అప్పటికే ఆ అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది.

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు ఆంధ్ర, ఒడిశాలది. వాటా సంగతి రెండు ప్రభుత్వాలు తేల్చుకోవచ్చు గాని, గేటు దగ్గరున్న మనిషికి చెరోమాట చెబితే యంత్రం నడవదు. మనమూ అంతే. డబ్బెంత, ఏడాది లెక్క ఏమిటి అన్నవి కమిటీ చూడాలి. పుస్తకాల ఎంపిక గ్రంథపాలకుడికి వదలాలి. సమావేశంలో ఆయనకూ కుర్చీ వెయ్యాలి, ఆయన మాట మినిట్సులోకి ఎక్కాలి. సభ్యుడెవరూ విడిగా ఫోన్ చేసి పని పురమాయించకూడదు, నాతో సహా.

పెద్దలు ఒప్పుకుంటే ఇవాళే రాసుకుందాం. సెలవు రోజు దగ్గర మాత్రం ఖాళీ వదిలేయండి. వచ్చే గ్రంథపాలకుణ్ణి అడిగి నింపుదాం.