వేడిమికి దారి



మన యిండ్లలో పిల్లలు చదువునకు వాడుకొను లాప్‌టాపును మీరందఱును చూచియే యుందురు. నిరుడు వేసవిలో మా మనుమడు పరీక్షకు చదువుచుండగా వాని లాప్‌టాపు పెనమువలె కాగి, నత్తనడక నడువసాగెను. లోపలి ఫ్యాను ఎడతెగక రొదచేయుచుండెను. “క్రొత్తది కొనక తప్పదు తాతయ్యా” అని వాడనెను. వేలకొలది రూపాయలు వెచ్చించుటకు ముందు కారణము తెలిసికొనుట మేలని నాకు తోచెను. తెలిసికొన్నదానిని మీకు విన్నవించెదను.

ఈ యంత్రమునకు మెదడువంటిది ప్రాసెసరు. బొటనవ్రేలి గోరంతయుండు ఆ బిళ్ళ పనిచేయునపుడు సాధారణముగా 15 మొదలు 45 వాట్ల వేడిమిని పుట్టించును. దానిపై నొక రాగిపలక బిగింపబడియుండును. పలకనుండి రాగిగొట్టము వేడిమిని అంచునకు కొనిపోగా, ఫ్యాను దానిని గాలితో వెలుపలికి నెట్టును. ఈ దారి చెడి, బిళ్ళ వేడిమి 100 డిగ్రీల సెంటీగ్రేడును సమీపించినచో, యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. మిట్టమధ్యాహ్నపుటెండలో ఎద్దు అడుగు మందగించినట్లే యిదియును.

బిళ్ళయు పలకయు కంటికి నున్నగా కనబడినను, సూక్ష్మముగా చూచినచో రెండును మిట్టపల్లములే. సందులలో గాలి నిలుచును. వేడిమిని ప్రసరింపజేయు శక్తి రాగికి సుమారు 400 పాళ్ళయినచో, గాలికి 0.026 మాత్రమే. ఆ గాలిని వెడలగొట్టుటకే నడుమ థర్మల్ పేస్టును పూయుదురు. పేస్టు గాలికంటె నెన్నో రెట్లు మేలైనను, రాగితో పోల్చినచో మిగుల తక్కువది. కావున దాని పని సందులు నింపుట మాత్రమే. గోడకట్టు మేస్త్రి ఇటుకల నడుమ అడుసును సరిపడునంతయే పఱచును గదా! ఇచ్చటను పూత దళసరియైన కొలదియు వేడిమికి అడ్డమగును.

మా మనుమడు మొదట వెళ్ళిన దుకాణమువారు పేస్టును గంధమువలె దట్టముగా పూసి, స్క్రూలను ఒకవైపు బిగించి, మఱియొకవైపు వదులుగా విడిచిరి. ఒత్తిడి చాలనందున ముద్ద అట్లే నిలిచిపోయెను; వేడిమి తగ్గలేదు. పరీక్షకు నాలుగు దినములే యుండెను. పిమ్మట నొక అనుభవజ్ఞుడు బ్యాటరీ తీగను విడదీసి, పాతపూతను స్పిరిటుతో తుడిచి, రెండుమూడు బియ్యపుగింజలంత పేస్టును బిళ్ళయంతయు కప్పునట్లు పలుచగా పఱచెను. స్క్రూలను వానిపై వ్రాసిన అంకెల వరుసను కొంచెము కొంచెముగా బిగించెను. ఫ్యానులో పేరుకొన్న దుమ్మును దులిపెను. ఆ సాయంకాలమే రొద అణగెను. వ్యయము కొన్ని వందలే. పిల్లవాడు పరీక్షకు నిశ్చింతగా చదువుకొనెను.

అయినను పేస్టుకును మితము కలదు. ఏండ్లు గడచినకొలది అది యెండి బిగుసుకొనవచ్చును. మే నెలలో గదిలోని గాలి 42 డిగ్రీలున్నచో, ఫ్యాను పీల్చునది ఆ గాలినే; అంతకంటె చల్లదనమును ఏ పేస్టును తేజాలదు. పరుపుపై పెట్టినచో గాలిరంధ్రములు మూసికొనును గనుక, లాప్‌టాపును పీటపైనో బల్లపైనో ఉంచవలయునని పిల్లలకు చెప్పుడు.

బండి కిఱ్ఱుమన్నంతనే మన పెద్దలు క్రొత్తబండిని కొనలేదు. ఇరుసును చూచి కందెన వేసిరి. ఈనాటి యంత్రము విషయమునను ఆ వివేకమే మనకు చాలును.