దూబగుంట అడిగిన ప్రశ్న

ప్రభుత్వ మొక విధానమును ప్రకటించినప్పుడు ప్రజలేమనుకొనుచున్నారో తెలిసికొనుటకు మనము పత్రికలను తిరుగవేయుదుము; శాసనసభ చర్చలను ఆలకింతుము; ఎన్నికల ఫలితములకై వేచియుందుము. ఒక్కొక్కప్పుడు ఆ సమాధానము వీని యన్నిటికంటె ముందుగా, ఒక పల్లెలో వీథియరుగు మీద పుట్టును. అట్టి సందర్భము నొకదానిని నేడు శ్రోతలకు మనవి చేయనెంచితిమి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకు సారా వలన వచ్చు ఆబ్కారీ రాబడి చాల పెద్దది. ఏటేట వేలములు జరుగును. పాట పాడుకొన్న కంట్రాక్టుదారు ఊరూర అంగళ్ళు తెఱపించును. 1980 దశకమున 'వారుణి వాహిని' యను పథకము క్రింద ప్రభుత్వమే సారాను చిన్న ప్లాస్టిక్ పొట్లములలో సరఫరా చేయనారంభించెను. మంచినీరు సరిగా అందని యూళ్ళకు సైతము పొట్లము అందెను. బొక్కసము నిండెను.

ఆ జమాఖర్చులలో ఖర్చు పుట మాత్రము సచివాలయమున లేదు. కూలిడబ్బుతో మగడు వచ్చునని యెసరు పెట్టి యెదురుచూచు ఇల్లాలి కడ నున్నది.

1991లో నెల్లూరు జిల్లాయందు సంపూర్ణ అక్షరాస్యతోద్యమము సాగెను. రాత్రిబడికి వచ్చిన స్త్రీలు చదివిన పాఠములలో త్రాగుడు వలన చెడిన కాపురముల ముచ్చటయు నుండెను. పాఠము ముగిసిన పిదప అందఱును కూర్చుండి దానిని గూర్చి మాటలాడుకొనుట పరిపాటి. దూబగుంట గ్రామమున ఆ మాటలు తమ యూరి సారా అంగడి వఱకు వచ్చెను. వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నడువగా స్త్రీలు ఆ యంగడిని మూయించిరి. ఆ కథయే మరల వాచకమున పాఠమయ్యెను. ప్రక్క యూళ్ళ స్త్రీలు దానిని కూడబలుకుకొని చదివి, చీపుళ్ళును కారపుపొడియు చేతబట్టి తమ యంగళ్ళ మీదికి నడచిరి. 1992లో నెల్లూరున సారా వేలములు పలుమారు వాయిదాపడెను.

ఇందలి వింత యేమనగా, సారా అమ్మించినదియు ప్రభుత్వమే, అక్షరములు నేర్పించినదియు ప్రభుత్వమే.

కోట్ల విజయభాస్కర రెడ్డి ముఖ్యమంత్రిగా నుండగా, 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. అంతటితో విషయము రాజకీయ పక్షముల పోటీలోనికి వచ్చెను. 1994 ఎన్నికలలో తెలుగుదేశము సంపూర్ణ మద్యనిషేధమును వాగ్దానము చేసి గెలిచెను. 1995 జనవరి 16 నుండి నందమూరి తారక రామారావు ప్రభుత్వము దానిని అమలుజరిపెను. వారుణి వాహిని నాటి ముఖ్యమంత్రియు ఆయనయే. ఇందుకు ఆయనను ఎగతాళి చేసినవారును గలరు. ప్రజల మాట విని పాలకుడు త్రోవ మార్చుకొనుట మాకు తప్పుగా తోచదు.

అయినను పొరుగు రాష్ట్రముల నుండి మద్యము దొంగచాటుగా వచ్చుచునే యుండెను, రాబడి పడిపోయెను. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వము నిషేధమును సడలించెను. సారాపై నిషేధము మాత్రము నిలిచినది.

మఱి దూబగుంట గెలిచినదా, ఓడినదా? సారా పొట్లము పోయినది. దాని చోటికి సీసా వచ్చినది. గెలుపనుటకు నోరు రాదు. ఓటమి యనుటకును మనసొప్పదు. ఆ స్త్రీలు అడిగినది పొట్లమా సీసాయా యని కాదు. 'మా యూర అంగడి పెట్టునప్పుడు మమ్ము నడిగితిరా?' యనునదే వారి ప్రశ్నయని మేమెంచుచున్నాము. దానికి పూర్తి సమాధానము ఇంకను రాలేదు.

రేపు మఱియొక విధానము వెలువడును. దాని వలన బొక్కసమునకు ఎన్ని కోట్లు వచ్చునో మేమే వార్తలలో చదివెదము. ఆ యంకె చెవిని బడినప్పుడు, దాని ఖర్చు పుట ఎవరి యింట నున్నదో యని శ్రోతలు ఒక్కమారు తలచుకొనిన చాలును.